చూడని రౌండుకి గింజ లేదు

కొత్త చింతగింజలు పనికిరావనేవాడు చాచా. అష్టాచెమ్మా ఆడీ ఆడీ ఆడవాళ్ల అరచేతుల్లో నునుపెక్కిన పాత గింజలే కావాలి ఆయనకి. అలాంటివి గుప్పెడు ఏరుకుని, మిగిలిపోయిన ఎర్ర సాటిన్ ముక్కతో తనే కుట్టుకున్న చిన్న సంచిలో పోసుకుని, ఆదివారం పొద్దున్నే మా ఇంటర్నెట్ సెంటరుకి వచ్చేవాడు. పక్క హోటల్లో అడిగి తెచ్చుకున్న రెండు సాసర్లు బల్ల మీద పెట్టి, సంచి మూతి విప్పి, గోడకున్న టీవీ వైపు కుర్చీ తిప్పుకునేవాడు. అమెరికాలో శనివారం రాత్రి జరిగే బాక్సింగ్ మాకు ఆదివారం పొద్దున వచ్చేది.

"ఏంది చాచా, ఒక్కనివే ఆడుకుంటున్నవు? నాకూ సగం పంచు," అన్నాను మొదటిసారి చూసినప్పుడు.

"గిది ఆడుడు కాదు బేటీ, ఇన్సాఫ్," అన్నాడు.

ఆ న్యాయం లెక్క సులువే. రౌండు ఎవరు గెలిస్తే వాళ్ల సాసర్లో ఒక గింజ. ఎదుటివాణ్ణి కింద పడేస్తే ఇంకో గింజ కొసరు. ఇద్దరూ సమానంగా కొట్టుకుంటే ఒక గింజని పగలగొట్టి బద్ద చెరొకటి. చివరికి ఏ సాసర్లో ఎక్కువుంటే వాడు గెలిచినట్టు. రింగు పక్కన సూట్లు వేసుకుని కూర్చున్న జడ్జీలు ఏం చెప్పినా చాచాకి సంబంధం లేదు. ఒక్క విషయంలో మాత్రం ఆయన మొండి. మధ్యలో కరెంటు పోతే, ఆ పోయిన రౌండుకి గింజ వెయ్యడు. తర్వాత ఎవరు ఏం చెప్పినా సరే.

"అన్నీ చూసేటోడు పైనున్నడు. నేను టీవీల జూసేటోణ్ని. చూడని రౌండుకి గింజ లేదు," అనేవాడు.

తొంభైల చివరి రోజులవి. మాది మర్రిగూడ వైపు ఊరు. నాయినకి గొర్రెల మంద ఉండేది. పదోతరగతి అయ్యాక నేను నల్గొండలో మా మేనత్త ఇంట్లో ఉండి టైపు నేర్చుకున్నాను. గడియారం స్తంభం దగ్గర ఒకాయన కొత్తగా ఇంటర్నెట్ సెంటర్ పెట్టి, దరఖాస్తులు టైపు చెయ్యడానికి నన్ను పెట్టుకున్నాడు. ఆయన్ని అందరం సెంటర్ అన్న అనేవాళ్లం. ఇంటర్నెట్ అంటే ఏమిటో ఊళ్లో సగం మందికి తెలియదు. చూసిపోదామని వచ్చేవాళ్లు, ఫ్యాను కింద కాసేపు కూర్చుని వెళ్లిపోయేవాళ్లు. చాచా కూడా అలాగే వచ్చాడు, తెల్ల టోపీ, మెడలో టేపు. వచ్చీ రాగానే అడిగిన మాట ఇప్పటికీ గుర్తుంది.

"దీంట్ల బాక్సింగ్ దొరుకుతదా?"

దొరికింది. బాక్సింగ్ పిచ్చి ఉన్నవాళ్లు నానా దేశాల నుంచి చేరి రాసుకునే గుంపు ఒకటి సెంటర్ అన్న వెతికి పెట్టాడు. ఇక ఆ కుర్చీ చాచాది, ఆయన పక్క స్టూలు నాది.

చాచా దర్జీ. వయసులో ఉన్నప్పుడు సికింద్రాబాద్ కంటోన్మెంటులో మిలిటరీవాళ్లకి బట్టలు కుట్టేవాడట. వాళ్లలో బాక్సింగ్ చేసేవాళ్ల నిక్కర్లు ఈయన దగ్గరికే వచ్చేవి. ఆటరోజు నిక్కరు నాడా ఊడితే కుట్టడానికి సూదీ దారం పట్టుకుని రింగు పక్కనే కూర్చోబెట్టేవారట. ఊడింది ఒకటో రెండో, ఈయన చూసింది మాత్రం అన్ని ఆటలూ. అందుకే ఆయన బాక్సర్లని మొహాలతో గుర్తుపట్టేవాడు కాదు. "మొహాలు గుద్దులకు ఉబ్బిపోతయి బేటీ. నిక్కర్లు ఉబ్బవు," అనేవాడు. నడుము పట్టీ బిగుతుగా ఉన్నవాణ్ణి చూసి, "గీనికి జల్ది దమ్మొస్తది" అని, ఆయాసం సంగతి ముందే చెప్పేవాడు. ఒక్కోసారి నిజమయ్యేది. కానప్పుడు, "కుట్టినోడు మంచోడున్నట్టుంది, లోపల గుడ్డ వదిలిండు" అని తప్పించుకునేవాడు.

చాచా ఇంగ్లీషు కంటోన్మెంటులో చెవులతో నేర్చుకున్నది. నా ఇంగ్లీషు టైపు మిషన్ మీద వేళ్లతో నేర్చుకున్నది. ఆయనకి స్పెల్లింగు రాదు, నాకు అర్థం తెలియదు. ఇద్దరం కలిస్తే ఒక మనిషికి సరిపడా ఇంగ్లీషు అయ్యేది. ఆయన చెప్పేవాడు, నేను టైపు కొట్టేదాన్ని. మధ్యలో సెంటరుకి ఎవరైనా ఫోన్ చేస్తే లైను తెగేది. మళ్లీ ఆ కీచుమనే చప్పుళ్లన్నీ అయ్యేదాకా చాచా అసహనంగా గింజలు లెక్కపెట్టుకునేవాడు.

గింజల సంగతి గుంపుకి తెలిశాక చూడాలి. వాళ్ల లెక్కలు వాళ్లకుండేవి, అయినా ఆట అవ్వగానే ముందు అడిగేది "చాచా, గింజలెన్ని?" అనే. అమెరికాలో ఒక లారీ డ్రైవరు ఉండేవాడు. తన బండిలో కాఫీ గింజలు పెట్టుకుని లెక్కేస్తున్నానని రాశాడు. ఫిలిప్పీన్స్ నుంచి ఒక నర్సమ్మ, ఆమెదీ పెద్ద వయసే, చింతచెట్టు మాకూ ఉందని మురిసిపోయింది. ఎవరికైనా ఆటలో కోపం వచ్చి తిట్టుకుంటే, "చాచా వచ్చేదాకా ఆగండి" అనేవారు. నేను అది చదివి చెబితే చాచా మొహం ఎంత వెలిగేదో! బయటికి మాత్రం, "పనిలేనోళ్లందరు ఒక్క కాడ జమైండ్రు," అనేవాడు.

చాచా ఇప్పుడు లేడు. ఆ తర్వాత కొన్నేళ్లకి, పండు వయసులో, మధ్యాహ్నం కునుకులో పోయాడు. గుంపుకి ఆ మాట రాసింది నేనే. ఆయన గురించి తలుచుకున్నప్పుడల్లా నాకు గుర్తొచ్చేది మాత్రం ఆ రోజు కాదు, రెండు తెల్ల నిక్కర్ల రోజు.

ఆ ఆదివారం ఆటలో ఇద్దరూ తెల్ల సాటిన్ నిక్కర్లే వేసుకొచ్చారు. ఒకడికి ఎర్ర అంచు, ఇంకొకడికి పచ్చ అంచు. అంతే తేడా. చాచా ఎప్పటిలాగే రౌండు రౌండుకీ గింజలు వేస్తున్నాడు, నేను కీబోర్డు మీంచి తల ఎత్తకుండా కొడుతున్నాను. ఆట సగమయ్యేసరికి ఎర్ర అంచు సాసరు నిండుతోంది. గుంపులోంచి లారీ డ్రైవరు రాశాడు, "చాచా, నువ్వు చూసేది మేం చూసే ఆటేనా?"

నేను చదివి వినిపించాను. చాచా నవ్వాడు. "ఆనికి నిద్రొస్తున్నట్టుంది, కాఫీ తాగుమను."

ఆ వెంటనే నర్సమ్మ. "చాచా, మీరు ఇప్పుడు గింజ, కొసరు గింజ వేసినవాడే కదా కింద పడింది?"

అదీ చదివాను. చాచా నవ్వలేదు.

"బేటీ, ఇప్పుడు కింద వడ్డది ఎవడు? ఎర్రంచోడా, పచ్చంచోడా?"

"ఎర్రంచాయన చాచా."

"సరిగ్గ చూసి చెప్పు."

"టీవీల మళ్ల చూపిస్తుండ్రు, సరిగ్గనే చూసిన. మోకాలి మీద వడ్డడు, నడుముకు ఎర్రంచు ఉండె."

ఆయన చెయ్యి రెండు సాసర్ల మధ్య ఆగిపోయింది. రెండింట్లోని గింజలూ ఏరి సంచిలో వేసుకుని మూతి బిగించాడు. సగం తాగిన చాయ్ అక్కడే వదిలేశాడు. "లైను కట్ జెయ్యి," అని లేచి, గుమ్మం దగ్గర తలుపు రెక్కని చేత్తో తడుముకుని వెళ్లిపోయాడు. ఆయన కుర్చీ వారం వారం టీవీకి దగ్గరగా జరుగుతోందని నాకు అప్పుడు తట్టింది. టీవీ చప్పుడు సరిగ్గా వినపడక జరుపుకుంటున్నాడనుకున్నాను అన్నాళ్లూ.

మరుసటి ఆదివారం రాలేదు. ఆ పై వారమూ రాలేదు. గుంపులో మాత్రం ఒకటే అడగడం. చాచా ఎక్కడ? చాచాకి కోపమొచ్చిందా? గింజలెన్ని?

"జరమొచ్చిందని కొట్టు, ఒడిసిపోతది," అన్నాడు సెంటర్ అన్న.

"జరం రాలే గద అన్నా."

"అయితే పోయి కనుక్కో. నా ఫోన్ బిల్లు ఎట్లాగు కాలుతనే ఉంది."

మసీదు వెనక గల్లీలో ఇల్లు. చాచా కూతురు తలుపు తీసింది. ఆమెని ఆపా, అంటే అక్కా, అనేదాన్ని. "రా చెల్లె, జర నువ్వన్న మాట్లాడు. గట్లనే కూసుంటుండు, కోడి మీద కూడ గులుగుతలేడు," అంది. ఇంట్లో తిరిగే కోడి మీద కూడా సణగకపోతే నిజంగా కష్టమే.

చాచా కుట్టుమిషను ముందు కూర్చుని ఉన్నాడు. మిషను మీద గుడ్డ లేదు.

"ఏం చాచా, సెంటర్ తొవ్వ మర్చిపోయినవా?"

"కాళ్లకు యాదికుంది బేటీ. కండ్లకే లేదు."

అప్పుడు చెప్పాడు. సూదిలో దారం ఎక్కించడం ఆపాతో చేయించుకోబట్టి చాలా కాలమైందట. టీవీలో కనబడేది రంగు ముద్దలు. చప్పుడునీ నిక్కరు రంగునీ పట్టుకుని నెట్టుకొస్తున్నాడు. "నీ మొహం కూడ నాకు ఎన్నడు సక్కగ కనవడలే. గొంతుతోనే గుర్తువడ్త. అంత లొల్లి ఇంకెవరు జేస్తరు?"

"దవాఖానకు పోరాదు మరి?"

"నా దోస్తు పోయిండు. ఉన్న కన్ను పోగొట్టుకొని వచ్చిండు. నాకు మబ్బుమబ్బుగనన్న కనవడ్తుంది. అది గూడ పోతె?"

"సరే, దవాఖానకు పోకు. సెంటర్‌కన్న రా. అందరు అడుగుతుండ్రు," అన్నాను.

"ఏం మొహం వెట్టుకొని రావాలె? నేను దర్జీని బేటీ. అంచు కనవడలే నాకు. గుడ్డోడు గింజలేస్తుండని తెలిస్తే ఇగ ఆ గింజలకు ఏం ఇజ్జత్ ఉంటది? వాళ్లు నన్ను నమ్మేటోళ్లు."

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చేశాయి. నాకెప్పుడూ అంతే, నోరు ముందు పోతుంది. "నువ్వే అంటివి గద, చూడని రౌండుకి గింజ లేదని! మరి చూడకుంట ఏసిన గింజలు తప్పని వాళ్లకు చెప్పవా? గట్లనే వదిలేస్తవా?"

లోపల ఆపా గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఎక్కువ అన్నానేమోనని లేచి నిలబడ్డాను.

"ఆపా," అని కేకేశాడు చాచా. "నా చెప్పులు ఏడ వెట్టినవే?"

కూతుర్ని ఆయన కూడా ఆపా అనే పిలిచేవాడు, నన్ను వెక్కిరించడానికి.

సెంటరులో కూర్చుని ఒక్కొక్క మాటా చెప్పాడు, నేను కొట్టాను. ఆ రోజు నా గింజలు తప్పు. అంచు రంగు నాకు కనపడలేదు. ఎన్నాళ్లగానో సగమే కనపడుతోంది, మీకు చెప్పలేదు. ఇక గింజలు వెయ్యను. మీరందరూ బాగుండండి.

ఆ చివరి మాట కొట్టనని మొండికేశాను. "బాగుండమంటే పోతున్నట్టు అనిపిస్తది."

"పోతున్ననే గద."

"ఏడికి? మసీదు వెనక గల్లీకేనాయె."

సెంటర్ అన్న కౌంటర్లోంచి పకపకా నవ్వాడు. చివరి మాట లేకుండానే పంపాను. పేజీ తెరుచుకోవడానికి అప్పట్లో ఎంత సేపు పట్టేదో! చాచా టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు.

మొదటి జవాబు లారీ డ్రైవరుది. "కళ్లు సరే. నోరు పనిచేస్తోందా? అయితే ఆదివారం రా."

నర్సమ్మ మాత్రం ప్రశ్నలు మొదలుపెట్టింది. నొప్పి ఉందా? దీపం చుట్టూ గుండ్రంగా వెలుగు కనపడుతుందా? నల్లగుడ్డు ఎలా ఉంది? నేను చాచా గడ్డం పట్టుకుని కిటికీ వైపు తిప్పి చూశాను. మజ్జిగ చుక్క వేసినట్టుంది. మజ్జిగకి ఇంగ్లీషు తెలియక పాలూ నీళ్లూ అని కొట్టాను. దోస్తు కన్ను పోయిన సంగతీ రాశాను. ఆమెకి అర్థమైంది. అది మోతిబిందు, అదే శుక్లం, కంటి వార్డులోనే తను ఏళ్ల తరబడి పనిచేసింది, మీ స్నేహితుడికి వచ్చింది ఇది కాకపోవచ్చు, ఆపరేషన్ చేస్తే పోతుంది, ఆలస్యం చెయ్యకుండా వెళ్లి చూపించుకోండి అని రాసింది.

"చూద్దాం," అన్నాడు చాచా. చాచా చూద్దామంటే చూడనని అర్థం.

ఆదివారం మాత్రం వచ్చాడు. సంచి విప్పకుండా ఒళ్లో పెట్టుకున్నాడు. టీవీ చూడ్డం నా పని, వినడం ఆయన పని.

"ఏం జేస్తుండు?"

"ఎవలు?"

"నీలి నిక్కరోడు!"

"తిరుగుతుండు చాచా."

"తిరుగుతుండంటే ఎట్ల? కాళ్లు ఎట్లేస్తుండు?"

బాక్సింగ్ మాటలు నాకేం తెలుసు? నాకు తెలిసింది గొర్రెలు. "కొత్త పొట్టేలును గుంజకు కట్టేస్తే చుట్టు తిరగదా, గట్ల. రెండోటిది మాత్రం ముసలి పొట్టేలు లెక్కుంది. తలకాయ వంచి కొమ్ములు చూపిస్తుంది."

"కొమ్ములా!"

"అదే చాచా, మోచేతులు."

దగ్గొచ్చేదాకా నవ్వాడు. "గిదే కొట్టు, గిట్లనే కొట్టు!"

కొట్టాను. లారీ డ్రైవరు అడిగాడు, పొట్టేలు తర్వాత ఏం చేస్తుంది? నేనే జవాబిచ్చాను, చాచాని అడక్కుండా. వెనక్కి పోతుంది, పొట్టేలు వెనక్కి పోయిందంటే గుద్దబోతోందని. ఆ రౌండులోనే ముసలాయన రెండడుగులు వెనక్కి వేసి ముందుకొచ్చి గుద్దాడు. నీలి నిక్కరాయన వెల్లకిలా పడ్డాడు. గుంపంతా ఒకటే గోల. నేను స్టూలు మీంచి లేచి ఎగిరాను. సెంటర్ అన్న వచ్చి, "దరఖాస్తుల కాడ గింత హుషారు లేకపాయె," అన్నాడు.

"వెయ్యి చాచా గింజ, రెండెయ్యి!" అన్నాను ఊపిరాడకుండా.

చాచా సంచి మీద చెయ్యి వేసుకుని తల అడ్డంగా ఊపాడు. "నువ్వు చూసినవు. నేను చూడలే."

అలా కొన్ని ఆదివారాలు గడిచాయి. పొట్టేళ్ల కబుర్లకి గుంపులో నాకూ పేరొచ్చింది. చాచా నవ్వేవాడు, సలహాలు చెప్పేవాడు, కానీ సాసర్లు ఖాళీగానే ఉండేవి. ఒకరోజు ఆట అయిపోయాక నేను గొంతు ఆరిపోయి నీళ్లు తాగుతుంటే, ఉన్నట్టుండి అన్నాడు.

"నువ్వు మంచిగ చెప్తున్నవు బేటీ. గని ఎంత జేసినా నాకు పొట్టేళ్లే కనవడ్తున్నయి. నాకు మనుషులు కావాలె." సంచిని అటూ ఇటూ తిప్పాడు. "ఆ నర్సమ్మను అడుగు, ఒక కన్నుతోని మొదలు వెట్టొచ్చా అని. రెండు ఒక్కసారే ఇయ్య నేను."

చిట్యాలలో కంటి క్యాంపు పెట్టినప్పుడు ఆపా తీసుకుపోయింది. అక్కడ చూసి ఆపరేషన్‌కి పట్నం దవాఖానకి పంపారు. ఆ వారం గుంపులో బాక్సింగ్ గురించి ఎవరూ పెద్దగా రాయలేదు. నర్సమ్మ నన్ను రోజూ అడిగేది. ఆపా తన పక్కింటికి ఫోన్ చేసి చెప్పిన నాలుగు మాటలు నేను ఎనిమిది చేసి కొట్టేదాన్ని.

ఒక ఆదివారం గుమ్మంలో పచ్చ కళ్లద్దాలతో నిలబడి ఉన్నాడు చాచా. తలుపు రెక్క తడమలేదు. లోపలికొచ్చి నాలుగు వైపులా చూశాడు.

"అరే, గీ గోడ గింత ఖరాబుందా! సున్నమెయ్యవా?"

"చాచా, నీకు కనవడనప్పుడే మంచిగుండె," అన్నాడు సెంటర్ అన్న.

తర్వాత నా వైపు తిరిగాడు. నా చెయ్యి దానంతటదే నోటికి అడ్డం వెళ్లింది. మా ఊరి ఫ్లోరైడ్ నీళ్లకి నా పళ్ల మీద పసుపు గీతలున్నాయి. నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకోవడం చిన్నప్పటి అలవాటు. ఆయన దగ్గర మాత్రం ఎప్పుడూ పెట్టుకోలేదని అప్పుడే తెలిసింది.

"చెయ్యి దియ్యి," అన్నాడు చాచా. తీశాను. కాసేపు చూశాడు. "బాక్సర్లకు ముందు పండ్లే ఉండవు. నీకు అన్ని ఉన్నయి. నవ్వు."

ఆట మొదలైంది. సాసర్లు వచ్చాయి. ఒక కంటికి ఇంకా పొర అలాగే ఉంది కాబట్టి తల కొంచెం పక్కకి తిప్పి చూస్తున్నాడు. "నల్ల నిక్కరోనిది పక్క కుట్టు వంకరవోయింది," అన్నాడు. నాకైతే ఏ వంకరా కనపడలేదు. మొదటి రౌండు అయ్యింది. సంచి మూతి విప్పి, ఒక గింజ తీసి, నల్ల నిక్కరు సాసర్లో వేశాడు. టక్కుమంది. నేను కొట్టాను. గుంపు నుంచి జవాబులు కుప్పలుగా వచ్చాయి. రెండో రౌండుకి రెండో గింజ.

మూడో రౌండు గంట కొట్టగానే కరెంటు పోయింది.

టీవీ ఆరిపోయింది. కంప్యూటరు మాత్రం బ్యాటరీ మీద కీక్ కీక్ మంటూ నడుస్తోంది. గుంపులోంచి మాటలు వస్తున్నాయి, నేను చదువుతున్నాను. నల్ల నిక్కరాయన చితక్కొట్టేశాడట. లారీ డ్రైవరు అదే అన్నాడు, నర్సమ్మ అదే అంది, మిగతావాళ్లూ అదే. చివర, "చాచా, మూడో గింజ ఎవరికి?"

"అందరిది ఒక్కటే మాట చాచా. వేసెయ్," అన్నాను. బ్యాటరీ ఎంతసేపు ఉంటుందో నాకు భయం.

"నువ్వు చూసినవా?"

"లే."

"నేను చూసిన్నా?"

"లే."

చాచా పచ్చ కళ్లద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"మరి కొట్టు. మూడో రౌండు చూడలే, కరెంటు వోయింది. గింజ లేదు."

కొట్టాను. పేజీ మెల్లగా తెరుచుకుంది. లారీ డ్రైవరు ఒక్క ముక్క రాశాడు.

"మా చాచా వచ్చేశాడు."

నేను చదివి వినిపించాను. చాచా మూడో రౌండుకని తీసిపెట్టుకున్న గింజని సంచిలో వేసుకుని, కరెంటు ఎప్పుడొస్తుందా అని గోడకున్న టీవీ వైపు చూస్తూ కూర్చున్నాడు.